కన్నమ్మ ఏ ఊరు వెళ్ళింది

భిలాయి-3,
1966 ఫిబ్రవరి.

అమ్మకు,

ఛాయ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నాకు ఒంట్లో బాగానే ఉంది. అన్నయ్య, వదిన, పిల్లలు కూడా ఆరోగ్యంగా ఉన్నారని విన్నాను. అక్కడ నువ్వూ పిన్నీ కులాసాగా ఉన్నారనీ, చలి తగ్గాక నీ మోకాలి నొప్పి కాస్త వెనక్కి తగ్గిందనీ తలుస్తాను. ‘విన్నాను’ అన్న మాట దగ్గర నువ్వు ఆగిపోయి ఉంటావు. ఒకే ఊళ్ళో ఉన్న అన్న సంగతి ఎవరో చెబితే వినడమేమిటని. దానికే వస్తాను. కొంచెం నెమ్మదిగా రానివ్వు.

ఈ ఉత్తరం తపాలాలో వెయ్యడం లేదు. నేను అద్దెకుంటున్న ఇంటివాళ్ళు రైల్వేవాళ్ళు. ఇంటాయన గూడ్సు బండి గార్డు. చుట్టాల పెళ్ళికి వాల్తేరు వెళ్తూ విజయనగరంలో దిగి నీ చేతికే ఇస్తానన్నారు. ఆయనకు మంచి కాఫీ ఇయ్యి. నీ కిందటి రెండు ఉత్తరాలూ నాకు అందేసరికి విప్పి మళ్ళీ అంటించి ఉన్నాయి. బంక కాగితం మీద మరకలు కట్టి ఉంది. నా దగ్గుకు నువ్వు రాసిన మిరియాల కషాయం వల్ల దేశానికి ఏం ముప్పు వస్తుందో ఆ చదివినవాళ్ళే చెప్పాలి. ఎవడో పరాయివాడు వేలు తడి చేసుకుని నీ అక్షరాల మీద జరిపాడనుకుంటేనే నాకు ఒళ్ళు జలదరించింది. అందుకే ఇన్నాళ్ళూ ‘క్షేమం, క్షేమం’ అని పొడి ఉత్తరాలు రాశాను. నువ్వు నొచ్చుకున్నావు. ఇవాళ అంతా రాస్తాను.

ముందు నువ్వడిగినవి. దగ్గు తగ్గింది. ఇంటావిడ కనకరత్నంగారు కషాయం కాచి, ఒక చిన్న ప్రార్థన చేసి మరీ ఇస్తారు. ఆవిడ ఆదివారం చర్చికి వెళ్తారు. వాళ్ళత్తగారు అదే ఇంట్లో సింహాచలం అప్పన్న పటానికి దీపం పెడుతుంది. ఒకరి వేళకు ఒకరు అడ్డురారు. కనక నేను ఎవరింట్లో ఉన్నానో అని బెంగపడకు. బండ్లు వెళ్ళినప్పుడల్లా గోడ మీది గిన్నెలు అదురుతాయి, అంతే. నాకు అలవాటైంది.

బడి ఉద్యోగం మానేసిన మాట నిజమే. ‘ఎవరితోనైనా గొడవ పడ్డావా’ అని అడిగావు. సెప్టెంబరులో యుద్ధం వచ్చినప్పుడు ఊరి పెద్దమనుషులు కొందరు కలిసి పౌర రక్షణ సంఘమని ఒకటి పెట్టారు. అన్నయ్య దానికి కార్యదర్శి. మొదట్లో నేనూ మెచ్చుకున్నాను. కిటికీలకు నల్లకాగితాలు అంటించారు, సైరను మోగితే ఎక్కడ దాక్కోవాలో నేర్పారు. యుద్ధం ఆగింది. సంఘం ఆగలేదు. నల్లకాగితాలు తీసేశాక వాళ్ళ చూపు ఇళ్ళలోకి పోయింది. ఎవరు ఏ రేడియో వింటున్నారు, సభకు ఎవరు రాలేదు, ఎవరు చప్పట్లు కొట్టలేదు. చైనా వాళ్ళతో యుద్ధమప్పుడు పెట్టిన ఎమర్జెన్సీ ఇంకా తియ్యలేదు కదా. దేశరక్షణ నిబంధన ఒకటుంది. దాని కింద ఎవర్నైనా విచారణ లేకుండా లోపల పెట్టొచ్చు. ఆ నిబంధన పేరు ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు.

బడిలో పిల్లల చేత ఒక వ్యాసం రాయించమని మా టీచర్లకు చెప్పారు. ‘భోజనాల దగ్గర మా నాన్న ఏమి మాట్లాడతాడు’ అన్నది శీర్షిక. నేను రాయించనన్నాను. పక్క తరగతిలో రాయించారు. పిల్లలు పాపం ముద్దుగా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. ఆ కాగితాలు కట్ట కట్టి ఎక్కడికో పంపారు. స్టాఫ్ రూములో అందరూ టీ తాగుతూ ఎవరి పిల్లవాడు బాగా రాశాడో చెప్పుకున్నారు. నేను మర్నాడు రాజీనామా ఇచ్చాను.

ఇంక నేను విలేఖరిగా వార్తలు పంపే తెలుగు పత్రిక సంగతి. ‘భిలాయిలో సర్వత్రా ప్రశాంతత’ అని నా పేరుతో పడిన వార్తను పటం కట్టించానని రాశావు. అమ్మా, ఆ పటం దించెయ్యి. ఆ వార్త నేను రాయలేదు.

నేను రాసినది ఇది. రిసాలి వైపు కొత్త క్వార్టర్లు కడుతున్నారు. కట్టే కాంట్రాక్టు కంపెనీకి మన అన్నయ్యే మేనేజరని నీకు తెలుసు. శ్రీకాకుళం, పాలకొండ వైపు మనవాళ్ళూ, ఇక్కడి ఛత్తీస్‌గఢ్ పల్లెలవాళ్ళూ అందులో కూలీలు. తట్టలు మోసే ఆడవాళ్ళను ఇక్కడ రేజాలంటారు. యుద్ధం రోజుల్లో పొద్దుగూకితే దీపం వెలిగించకూడదు. పని మాత్రం ఆపకూడదని కంపెనీ ఉత్తర్వు. కనుచీకట్లో తట్టలతో ఎక్కుతూ ఉంటే పరంజా కూలింది. ఇద్దరు రేజాలు చనిపోయారు. ఒకతె పాలకొండ దగ్గరి వితంతువు కన్నమ్మ. ఇంకొకతె ఇక్కడి పిల్ల, పేరు బిసాహిన్. తెల్లారేసరికి విరిగిన బొంగులు కూడా అక్కడ లేవు. ప్రమాదమే జరగలేదనీ, ఆ ఇద్దరూ పని మానేసి ఊళ్ళకు వెళ్ళిపోయారనీ కంపెనీ చెప్పింది. ఊరంతా సరే అంది.

ఒక్కడు సరే అనలేదు. జగ్గయ్యని తాపీ మేస్త్రి. కన్నమ్మ ఊరివాడే. సంఘంవాళ్ళు మైదానంలో పెద్ద సభ పెట్టి, రక్షణ నిధికి బంగారం ఇచ్చిన వారి పేర్లు మైకులో చదువుతున్నారు. నేను విలేఖరిని గనక ముందు వరసలోనే ఉన్నాను. జగ్గయ్య వెనక నుంచి నడిచి వచ్చి వేదిక ముందు నిలబడ్డాడు.

“బాబూ, నాదొక్క మాట. ఇంతమంది పేర్లు సదివినారు గదా. మా కన్నమ్మ పేరు, బిసాహిన్ పేరు కూడా సదవండి. ఆళ్ళు ఇచ్చింది పేనం. సీకట్లో పని సెయ్యమన్నోలు ఎవులో అది కూడా సదవండి” అన్నాడు.

మైకు ఆగిపోయింది. ఎవరో జై కొట్టించారు. జనం జై కొట్టారు. ఆ ఇద్దర్నీ మోసుకెళ్ళిన కూలీలు కూడా జై కొట్టారు.

నేను ఆ పేర్లతో, జగ్గయ్య అడిగిన మాటతో వార్త రాసి పంపాను. పత్రికలో పడినది నువ్వు చూశావు. ప్రమాదం వట్టి పుకారనీ, కూలీలు ఉత్సాహంగా పనిచేస్తున్నారనీ. సంపాదకుడికి రాస్తే, ‘రోజులు బాగాలేవు, మీ మంచి కోసమే మార్చాం’ అని జవాబిచ్చారు. అన్నీ మార్చారు. పైన నా పేరు మాత్రం మార్చలేదు. వీధిలో వాళ్ళు ఎదురొచ్చి, ఆడపిల్లవైనా బాగా రాశావమ్మా అని మెచ్చుకున్నారు. వదిన మణిమాల ఆ రోజు పాయసం చేసింది. నేను అప్పటికి సెక్టర్ 6లో వాళ్ళింట్లోనే ఉంటున్నాను కదా.

తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం జగ్గయ్య భార్య నూకమ్మ నన్ను వెతుక్కుంటూ వీధి చివరకు వచ్చింది. ఇంటికి రాలేదు. ఆ ఇల్లు ఎవరిదో ఆవిడకు తెలుసు. చేతిలో మన పత్రిక ఉంది.

“ఏటి పంతులమ్మా, ఇది నీ సేత్తో రాసినావా?” అంది.

“కాదు నూకమ్మా. నేను రాసింది వెయ్యలేదు.”

“మరి నీ పేరుందంటన్నారే. పోలీసోలు తెల్లారగట్ల వొచ్చి మా మావని అట్టుకుపోనారు. ఏటి సేసినాడు బాబూ అంటే ఈ కాయితం నా మొకం మీదెట్టినారు. మీ తెలుగోల పేపరే రాసింది, ఏటీ జరగనేదని. మరి మీ ఆయన అబద్ధాలు సెప్పి జనాన్ని బెదరగొట్టినట్టే గదా అన్నారు.”

నేను పత్రిక అందుకున్నాను. అక్కడ నా పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. నువ్వు పటం కట్టించినది ఆ కాగితాన్నే.

“మా అన్నయ్యకు చెబుతాను. సాయంత్రానికి విడిపిస్తాడు” అన్నాను. నిజంగానే నమ్మి అన్నానమ్మా. నాన్న పోయాక ఇంటింటికీ తిరిగి ట్యూషన్లు చెప్పి నన్ను చదివించినవాడు. కంపెనీ పైవాళ్ళు ఏం చేసినా, ఒక మనిషిని అన్యాయంగా తీసుకెళ్తే అన్నయ్య ఊరుకోడనుకున్నాను.

అన్నయ్య ఇంటికి నేను ఎందుకు వెళ్ళడం లేదని రెండు ఉత్తరాల్లో అడిగావు. నేను జవాబు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. చదివేటప్పుడు పిన్నిని పక్కన కూర్చోబెట్టుకో.

నేను ఇంట్లోకి వెళ్ళేసరికి భోజనాలు నడుస్తున్నాయి. ఒక పోలీసు అధికారి వచ్చి ఉన్నాడు. ఉత్తరాది మనిషి. వదిన నన్ను చూసి, “సమయానికి వచ్చావు, ఆ ఆవకాయ జాడీ అందుకో” అంది. నువ్వు పంపిన ఆవకాయ. ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా, “వాహ్, మాతాజీ కే హాథ్ మే జాదూ హై” అని నీ చేతి మహిమను మెచ్చుకుంటూ ముద్ద మీద ముద్ద తింటున్నాడు. నేను జగ్గయ్య మాట ఎత్తేలోపే వాళ్ళే ఎత్తారు. మాటలన్నీ హిందీలోనే. నేనక్కడ ఉన్నానని ఎవరూ గొంతు తగ్గించలేదు.

“మనిషిని తెచ్చేశాం. ఇంక కారణం రాసి పైకి పంపాలి. ఏం రాద్దాం?” అన్నాడాయన.

“పుకార్లు పుట్టించాడని రాయండి” అన్నాడు అన్నయ్య.

“అది అందరికీ రాస్తున్నాం. ఇంకాస్త ఘాటుగా ఉండాలి” అని ఆవకాయ ముక్క చూపించి నవ్వాడు.

“అయితే శత్రువుల రేడియో విని కూలీలకు చెబుతున్నాడని రాయండి.”

“బాగుంది. ఎన్నాళ్ళు కావాలి మీకు?”

“క్వార్టర్లు అప్పజెప్పేదాకా. తర్వాత వాడితో నాకు పనిలేదు.”

బట్టల కొట్టులో ఎన్ని గజాలు కావాలని అడిగినట్టు అడిగాడమ్మా. అన్నయ్య కూడా ఎన్ని గజాలో అలాగే చెప్పాడు.

“అన్నయ్యా, జగ్గయ్యకు రేడియో ఎక్కడిది? ఆ గుడిసెలో కిరసనాయిలు దీపమే లేదు” అన్నాను.

అన్నయ్య తలెత్తలేదు. “నువ్వు పెరుగు తీసుకురా” అన్నాడు.

అధికారి మాత్రం నావైపు తిరిగి ఆప్యాయంగా నవ్వాడు. “అరే, బెహెన్‌జీ అఖ్‌బార్ వాలీ హై నా!” పత్రికావిడ కదా అని. “మీ వార్త చాలా బాగుంది. ఫైలులో అన్నిటికన్నా పైన అదే పెట్టాం.”

ఎర్రనూనె ఆయన వేళ్ళమ్మట మణికట్టు దాకా కారింది. దాన్ని నాలుకతో ఎత్తుకున్నాడు. అన్నయ్య ఇంకో ముక్క ఆయన విస్తట్లో వేశాడు. నేను జాడీ అక్కడే పెట్టి పెరట్లోకి వెళ్ళి వాంతి చేసుకున్నాను. వదిన వచ్చి వీపు రాసింది. “ఎండన పడి వచ్చావు, అందుకే” అంది. ఆవిడా విన్నది. నేనెంత విన్నానో అంతా విన్నది. ఆ సాయంత్రమే నా పెట్టె సర్దుకుని భిలాయి-3 వచ్చేశాను. కనకరత్నంగారి అమ్మాయికి నేను చదువు చెప్పేదాన్ని. ఆ పరిచయంతో గది ఇచ్చారు. నువ్వు తర్వాత పంపిన ఆవకాయ వాళ్ళకే ఇచ్చేశాను. నీ మీద కోపంతో కాదు. మూత తీస్తే ఆయన వేళ్ళే కనిపిస్తున్నాయి.

నూకమ్మను వెంటబెట్టుకుని ఎక్కని గడప లేదు. సభలో బంగారం ఉంగరాలు తీసి ఇచ్చిన పెద్దమనుషులు మమ్మల్ని వరండాలోనే నిలబెట్టి మాట్లాడారు. ఒకాయన ‘దేశం కన్నా ఒక తాపీ మేస్త్రి ఎక్కువా అమ్మా’ అన్నారు. ఇంకొకాయన నాకు వినపడకుండా లోపలికి వెళ్ళి, వినపడేలా తలుపు గడియ వేసుకున్నారు. వీళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. పండక్కి మనింటికి వచ్చి పళ్ళు పంచినవాళ్ళే. నాకు రోత పుట్టింది అందుకే. ఎవరూ వాళ్ళను బెదిరించలేదు. అడక్కముందే వంగారు.

చివరకు హైకోర్టు ఉన్న జబల్పూరులో గోవిందరావుగారని పార్వతీపురం వైపు వకీలు ఉన్నారని తెలిసి వెళ్ళాం. ఆయన అంతా విని, “అమ్మాయీ, ఎమర్జెన్సీ ఉన్నన్నాళ్ళూ ఈ నిబంధన కింద ఎందుకు పట్టుకున్నారని హైకోర్టు లోతుగా అడగదు. కానీ సొంత లాభం కోసం దేశరక్షణ పేరు వాడుకున్నారని చూపిస్తే అడుగుతుంది. ఆ మాటలు చెవులారా విన్నవాళ్ళు ప్రమాణం చేసి చెప్పాలి. విన్నదెవరు?” అన్నారు.

“నేను.”

“అన్నదెవరు?”

“మా అన్నయ్య.”

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “ఇంటికి వెళ్ళి ఆలోచించుకుని రా తల్లీ.”

“వెళ్ళడానికి ఇల్లు లేదండీ. రాయండి” అన్నాను.

ఇదమ్మా నీకు ఇన్నాళ్ళూ చెప్పనిది. నీ కూతురు నీ కొడుకు మీద హైకోర్టులో ప్రమాణ పత్రం దాఖలు చేసింది. భోజనాల దగ్గర ఎవరు ఏ మాట అన్నారో, అన్నీ అన్నవి అన్నట్టు చెప్పి సంతకం పెట్టాను. అన్నయ్య పేరు, నాన్న పేరుతో సహా పూర్తిగా రాయాలన్నారు. రాశాను. నాన్న పేరు ఆ కాగితం మీదికి రాకూడదనిపించింది. అయినా రాశాను.

కబురు తెలిసి అన్నయ్య ఇక్కడికి వచ్చాడు. కోపంగా రాలేదు. మంచం మీద కూర్చుని గది అంతా చూసి, “ఇలాంటి చోట ఉంటున్నావా” అన్నాడు. తర్వాత, “ఇదంతా ఎవరికోసం? ఇవాళ ఇక్కడుంటారు, రేపు ఇంకో ఊరు పోతారు. వాళ్ళకు నువ్వు గుర్తుకూడా ఉండవు” అన్నాడు.

“ఇద్దరు చచ్చిపోయారు అన్నయ్యా.”

“నాకు తెలీదా? చీకట్లో పని చెయ్యమన్నది నేనే. గడువు మీద పడింది. నేను కాకపోతే ఇంకొకడు చేయించేవాడు.”

“ఆ ముక్క సభలో చెప్పు. నా ప్రమాణ పత్రం వెనక్కి తీసుకుంటాను.”

లేచి చెప్పులు వేసుకుంటూ అన్నాడు. “చూడు ఛాయా, ఆ నిబంధన ఆడవాళ్ళకు పనికిరాదని ఎక్కడా రాసిలేదు. నిన్ను తీసుకెళ్తే అమ్మ ఏమైపోతుందో ఆలోచించుకో.”

చలిగా ఉంది, శాలువా కప్పుకో అని చెప్పే గొంతుతోనే అన్నాడమ్మా. బెదిరించడానికి వాడికి దొరికిన పేరు నీది. నాకు భయం వేసింది. కానీ భయం కన్నా ముందు, వాడు కూర్చున్న దుప్పటి తీసి ఉతకాలనిపించింది. కనకరత్నంగారు గుమ్మంలోకి వచ్చి, “బాబుగారూ, మా ఆయన డ్యూటీ దిగి పడుకున్నాడు. ఇంక ఎల్లండి” అన్నారు. వెళ్ళాడు. ఆ దుప్పటి నిజంగానే ఉతికాను.

నన్ను ఎవరూ పట్టుకోలేదు. నా ఎదుట మాత్రం ఊరు ఊరంతా మాట్లాడటం మానేసింది. సెక్టర్ 6 బజారులో నేను వెళ్తే కొట్టులో ఉన్నవాళ్ళు ఏదో మరిచిపోయినట్టు ఇళ్ళకు వెళ్ళేవారు. అది అన్నయ్య పని కాదు. వాళ్ళే చేశారు.

విచారణకు ఇంకొన్నాళ్ళుందనగా, నా ప్రమాణ పత్రం కోర్టులో చదవాల్సి రాకముందే, జగ్గయ్య మీది ఉత్తర్వు రద్దు చేసి వదిలేశారు. మనిషి బయటికి వచ్చాక విచారించడానికి ఏమీ లేదని కోర్టులో కేసు మూసేశారు. ప్రమాణ పత్రం ఎవరూ చదవలేదు. “గెలిచామమ్మా” అన్నారు గోవిందరావుగారు. “గెలుపు ఇలా ఉంటుందాండీ” అంటే, “ఈ రోజుల్లో ఇలాగే ఉంటుంది” అన్నారు.

జగ్గయ్య వచ్చే రోజు నేను, నూకమ్మ, బిసాహిన్ తల్లి ఇక్కడి స్టేషనుకు వెళ్ళాం. మేము వెళ్ళేసరికే ప్లాట్‌ఫారం మీద సంఘంవాళ్ళు ఉన్నారు. బంతిపూల దండ, లడ్డూల బుట్ట, ఫొటోగ్రాఫరు. అందరికన్నా ముందు అన్నయ్య. జగ్గయ్య రైలు పెట్టెలోంచి దిగాడు. గుండు చేసి ఉంది. చొక్కా వేరే ఎవరిదో అన్నట్టు వేలాడుతోంది. అన్నయ్య దండ వేసి భుజం మీద చెయ్యి వేశాడు. “జగ్గయ్య మా ఇంటి మనిషి. చిన్న అపార్థం జరిగింది. ప్రభుత్వం పెద్ద మనసుతో వదిలింది” అన్నాడు. జై కొట్టారు. తర్వాత లడ్డూ తీసి “నోరు తెరు” అన్నాడు. జగ్గయ్య తెరిచాడు. అడగ్గానే తెరిచాడమ్మా, ఆ మైదానంలో అంత మాట అడిగిన నోరు. లోపల ఏం చేశారో నాకు తెలియదు. అతను చెప్పడు. ఆ లడ్డూ నమలకుండా బుగ్గన పెట్టుకుని ఫొటో అయ్యేదాకా నిలబడ్డాడు.

అప్పుడు నూకమ్మ ముందుకు వెళ్ళింది. దణ్ణం పెట్టింది. గొంతు పెంచలేదు.

“బాబూ, కన్నమ్మ ఏ ఊరెల్లిపోనాది?”

అన్నయ్య అర్థం కానట్టు చూశాడు.

“పని మానేసి ఊరెల్లిపోనాదని మీరే సెప్పినారు గదా. ఆ ఊరి పేరు సెప్పండి. నానెల్లి తీసుకొస్తాను. దాని సీరలు నా కాడే ఉన్నాయి. దాని కోడిపెట్ట నా కాడే ఉంది. అది రాకపోతే ఆటిని ఏటి సేసీది?”

ఎవరూ జై కొట్టలేదు. ఫొటోగ్రాఫరు కెమెరా దించాడు. బిసాహిన్ తల్లికి తెలుగు రాదు. అయినా ఏం అడుగుతున్నారో ఆవిడకు తెలిసింది. నూకమ్మ పక్కకు వచ్చి నిలబడి, తన భాషలో తనూ అడిగింది. “మోర్ బేటీ కహాఁ గే హే, సాహెబ్?” నా కూతురు ఎక్కడికి వెళ్ళింది దొరా అని.

అన్నయ్య ఇద్దర్నీ చూశాడు. తర్వాత నన్ను చూశాడు. చిన్నప్పుడు నాన్న లెక్క అడిగితే జవాబు రాక నిలబడ్డ వాడి ముఖం నాకు గుర్తుంది. అలా ఉంటుందేమోనని వెతికాను. లేదు. “సంఘం ఆఫీసుకు రండి, మాట్లాడదాం” అని నవ్వి వెళ్ళిపోయాడు. జగ్గయ్య నూకమ్మ చెయ్యి పట్టి లాగి, “ఊరుకోయే నూకీ, ఊరుకో” అన్నాడు. వాళ్ళు వెళ్ళాక బుగ్గన ఉన్నది రైలు పట్టాల మీద ఉమ్మేశాడు. దండ తియ్యడం మాత్రం మరిచిపోయి అలాగే ఇంటికి నడిచాడు.

పత్రిక నుంచి నాకు తంతి వచ్చింది, సన్మానం వార్త వెంటనే పంపమని. నేను ఆ ఇద్దరు ఆడవాళ్ళూ అడిగిన రెండు ప్రశ్నలే రాసి పంపాను. వాళ్ళు వెయ్యలేదు. ఇంక నా సేవలు అక్కర్లేదని కూడా రాశారు. మంచిదే అయింది. ఇంక నా పేరు వాళ్ళ చేతుల్లో లేదు. ఇక్కడ చూసినదంతా రాస్తున్నాను. ఎవరు వేస్తారో తెలియదు. వెయ్యకపోయినా రాస్తాను.

జగ్గయ్య దంపతులు ఇక్కడ ఉండలేమని ఊరు వెళ్ళిపోతున్నారు. కన్నమ్మ తల్లి పాలకొండ దగ్గర ఉందట. ఆవిడకు కూతురి సంగతి ఎవరూ ఎదురుగా చెప్పలేదు. నేనూ నూకమ్మతో వెళ్తున్నాను. దారిలో విజయనగరంలో దిగుతాను. అది నాన్న తద్దినం రోజుల్లోనే పడుతుంది. అన్నయ్య కూడా వస్తాడు. ఏం జరిగిందో వాడు వేరేగా చెబుతాడు. వాడి గొంతు మెత్తగా ఉంటుంది, నా గొంతు గరుకు. ఎవరిని నమ్ముతావో నీ ఇష్టం. ఈ ఉత్తరం మాత్రం మళ్ళీ ఒకసారి చదువు.

వాడు రాజీకి వస్తాడు. పెద్దవాళ్ళు పిన్ని చేత చెప్పిస్తారు, తోడబుట్టినవాళ్ళు కదా, నాన్న రోజున కలిసిపొండని. నువ్వు ఆ మాట అనకు. వాడికి అన్నం పెట్టు, నీ కొడుకు. నాకూ పెట్టు. ఒకే పంక్తిలో మాత్రం పెట్టకు.

ఇట్లు,
నీ కూతురూ, ఇప్పటికీ వాడి చెల్లెలూ అయిన
ఛాయ